కత్తిపీటా, జంతికల గొట్టమూ

కిందటి సంక్రాంతికి మేం గరాజులో జంతికలు వండుకున్నాం. ఇంట్లో వండితే నూనె వాసన చలికోట్లకి పట్టి ఏప్రిల్ దాకా వదలదు. అంచేత ఒహాయో చలిలో కూడా గరాజు తలుపు సగం ఎత్తి, పొయ్యి అక్కడ పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. మా ఆవిడ పిండి కలిపి అందిస్తోంది. నేను గొట్టం నొక్కుతున్నాను. హైస్కూలు మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి, వేగినవి తీసే పని ఒప్పుకుని తినే పని చేస్తోంది.

ఆ ఇత్తడి గొట్టం మా అమ్మ కాకినాడ నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చింది.

"నాన్నా, ఏడాదికి రెండు సార్లు కూడా వాడరు. దీనికి అల్మారాలో అంత చోటెందుకు?" అంది మా అమ్మాయి.

"కత్తిపీటతో జంతికలు రావు కదే," అంది వాళ్ళమ్మ.

"గొట్టంతో ఉల్లిపాయలు తరగలేం కదమ్మా!"

అందరం నవ్వుకున్నాం కానీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్న వృత్తిలో ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఆ తల్లీకూతుళ్ళు రెండు ముక్కల్లో తేల్చేశారు. కాసేపయ్యాక పిల్ల అసలు ప్రశ్న అడిగింది. "నాన్నా, వచ్చే ఏడు కాలేజీలకి అప్లై చెయ్యాలి. నేను కంప్యూటర్ సైన్సు చదవనా, వద్దా? నీకు ఆఫీసులో అలా అయింది కదా మరి?"

నాకు ఏమైందో ముందు ముందు చెబుతాను. ఆ రోజు పొయ్యి దగ్గర సరైన జవాబు దొరకలేదు. తర్వాత కూర్చుని ఆలోచించుకున్న జవాబు ఇది. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే ప్రశ్న నడుస్తోంది కనక అందరితో పంచుకుంటున్నాను. ఇంజనీర్లు కానివాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ ప్రయత్నంలో కొన్ని మూలలు కొట్టేసి నున్నగా చేస్తే ఇంజనీరు మిత్రులు మన్నించాలి.

కత్తిపీట రాజ్యం

కంప్యూటరు చిప్పుల్లో స్థూలంగా రెండు జాతులున్నాయి. ఏ పని చెబితే ఆ పని చేసేది ఒకటి. దాన్ని సర్వోపయోగి చిప్పు అందాం. అది మన కత్తిపీట. వంకాయ తరుగుతుంది, చేప కోస్తుంది, చివర పళ్ళుంటే కొబ్బరి కూడా కోరుతుంది. రెండోది ఒక్క తరహా పని కోసమే పుట్టిన ప్రత్యేక చిప్పు. అది జంతికల గొట్టం. తన పనిలో దాన్ని మించినది లేదు, ఇంకో పనికి పనికిరాదు.

కత్తిపీట ఎలా గెలిచిందో ముందు చెప్పాలి. 1964కి ముందు ఒక కంప్యూటరుకి రాసిన ప్రోగ్రాము ఇంకో రకం కంప్యూటరు మీద నడిచేది కాదు. ఒకే కంపెనీ అమ్మిన రెండు యంత్రాలకి కూడా పొసిగేది కాదు. 1964 ఏప్రిల్లో ఐబీఎం సిస్టమ్ 360 అనే కుటుంబాన్ని ప్రకటించింది. చిన్న యంత్రం నుంచి పెద్ద యంత్రం దాకా అన్నిటికీ ఒకటే ఆజ్ఞల భాష. ఈ ఏడు చిన్నది కొని, వ్యాపారం పెరిగాక పెద్దది కొంటే పాత ప్రోగ్రాము అలాగే నడుస్తుంది. యంత్రం పోయినా ప్రోగ్రాము బతుకుతుంది అన్న ఆలోచన వ్యాపారంలో నిలదొక్కుకున్నది అప్పుడే.

రెండో మలుపు ఇంకా సరదాగా ఉంటుంది. 1969లో బిజికామ్ అనే జపాను కంపెనీ తన లెక్కల యంత్రాల కోసం ప్రత్యేకంగా కొన్ని చిప్పులు చేసిపెట్టమని ఇంటెల్ దగ్గరికి వెళ్ళింది. అప్పటికి ఇంటెల్ పుట్టి ఏడాది. అన్ని రకాల చిప్పులు గీసేటంత మంది మనుషులు లేరు. టెడ్ హాఫ్ అనే ఇంజనీరు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిప్పు కాకుండా ఏ పనైనా చెయ్యగల చిన్న చిప్పు ఒకటి చేసి, చెయ్యవలసిన పనిని ప్రోగ్రాముగా రాసుకుంటే చాలని సూచించాడు. ఫెడెరికో ఫాజిన్ దాన్ని చేసి చూపించాడు. 1971లో 4004 అనే పేరుతో బజారుకి వచ్చిన ఆ చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు. గొట్టం కొనడానికి వచ్చినవాళ్ళకి కత్తిపీట చేసి ఇచ్చారన్నమాట.

1981లో ఐబీఎం పీసీ వచ్చాక ఈ రెండు ఆలోచనలూ కలిసిపోయాయి. ఇంటెల్ 8086 కుటుంబం ప్రపంచమంతటికీ ఉమ్మడి చిప్పు అయింది. చిప్పు గీయడానికయ్యే ఖర్చు ఒక్కసారే, అమ్మేవి కోట్లు. ఆటలాడే కుర్రాడు, బ్యాంకు గుమాస్తా, యూనివర్సిటీ ప్రొఫెసరు అందరూ ఒకే రకం చిప్పు కొన్నారు. ఆ డబ్బుతో మరుసటి తరం చిప్పు ఇంకా వేగంగా వచ్చింది. లారీల పన్నులతో వేసిన తారు రోడ్డు మీద ఎడ్లబండి కూడా హాయిగా నడిచినట్టు, ఎవరూ పట్టించుకోని చిన్న ప్రోగ్రాము కూడా, అందులో అక్షరం మార్చకపోయినా, ఏటేటా వేగం పెంచుకుంది.

మనలో చాలామందిమి ఈ దేశం వచ్చింది కూడా ఆ రోడ్డు మీదే. యంత్రం హైదరాబాదులో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఒకటే కనక, అమీర్‌పేటలో మూడు నెలలు నేర్చుకున్న విద్య న్యూజెర్సీలో అన్నం పెట్టింది. ఉమ్మడి చిప్పు లేకపోతే మన పాట్‌లక్కులకి ఇంతమంది ఉండేవాళ్ళా అని నాకు సందేహం.

వేడెక్కిన పొయ్యి

ఈ రోడ్డు ఇలా సాగడం వెనక రెండు సంగతులున్నాయి. ఒకటి అందరూ విన్నదే. చిప్పు మీద పట్టే ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని గోర్డన్ మూర్ 1965లో రాశాడు, 1975లో దాన్ని రెండేళ్ళకి సవరించాడు. రెండోది అంతగా పేరు లేనిది, కానీ అసలు మహిమ దానిదే. ట్రాన్సిస్టరు చిన్నదైన కొద్దీ దానికి కావలసిన కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని 1974లో ఐబీఎంకి చెందిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. అంటే అదే గోరంత జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు కుక్కి, వాటిని మరింత వేగంగా పరిగెత్తించినా చిప్పు వేడి పెరగదు.

అలా 1978లో సెకనుకి 50 లక్షల తాళాలు వేసిన 8086 చిప్పు వంశంలో, 2004 చివరికి 380 కోట్ల తాళాలు వేసే పెంటియమ్ 4 వచ్చింది. 26 ఏళ్ళలో 760 రెట్లు.

అక్కడ ఆగిపోయింది. ట్రాన్సిస్టర్లు మరీ సన్నబడేసరికి, ఆపేసినా సరే కరెంటు కారడం మొదలైంది, పాత కుళాయిలో నీళ్ళలాగ. కరెంటు ఇంకా తగ్గించడం కుదరలేదు, వేడి పెరిగిపోయింది. 2004 మేలో ఇంటెల్ తన తర్వాతి వేగవంతమైన చిప్పు పథకాన్ని రద్దు చేసుకుని, ఒక చిప్పులో రెండు మెదళ్ళు పెట్టే దారి పట్టింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024లో, ఇంటెల్ అమ్మిన అతి వేగపు చిప్పు 620 కోట్ల తాళాలు అందుకుంది. రెండింతలు కూడా కాలేదు.

నేను కాకినాడలో బీటెక్ చదివి, 2003లో ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చి, 2005లో ఉద్యోగంలో చేరాను. నా ప్రోగ్రాము నెమ్మదిగా ఉందని బెంగపడితే పక్క సీటు పెద్దాయన, ఏం ఫరవాలేదు, వచ్చే ఏడు కొత్త సర్వరు కొంటారు అని ధైర్యం చెప్పాడు. ఆయన అనుభవమంతా అదే మరి. పంక్తి లేచిపోతున్న వేళకి విస్తరి వేసుకుని కూర్చున్నవాణ్ణి నేనని అప్పుడు తెలియలేదు.

ఐదున్నరేళ్ళు, అరవై ఏడేళ్ళు

ఇక్కడ ఒక చిన్న లెక్క చెయ్యాలి. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుంచుకోవలసింది ఏదైనా ఉంటే ఇదే.

జాన్ హెనెసీ, డేవిడ్ ప్యాటర్సన్ కంప్యూటరు నిర్మాణ శాస్త్రంలో పెద్దలు. 2017 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి పంచుకున్నారు. ఒక్క ప్రోగ్రాము నడిచే వేగం 1986 నుంచి 2003 దాకా ఏటా 52 శాతం పెరిగిందని, 2015 తర్వాత అది 3.5 శాతానికి పడిపోయిందని వాళ్ళు లెక్కకట్టారు.

ఇప్పుడు మీరు ఒక పని కోసం ప్రత్యేక చిప్పు చేశారనుకోండి. అది సర్వోపయోగి చిప్పు కన్నా 10 రెట్లు వేగం. ఉమ్మడి చిప్పు ఏటా 52 శాతం పెరుగుతుంటే మిమ్మల్ని అందుకోవడానికి ఎన్నేళ్ళు? ఐదున్నర. చిప్పు గీయడానికే రెండు మూడేళ్ళు పడుతుంది. పెట్టిన డబ్బు తిరిగి వచ్చేలోపు మీ ముందున్నది ముసలి చిప్పు. 1980లలో లిస్ప్ అనే భాష కోసం ప్రత్యేకంగా చేసిన యంత్రాలు ఉండేవి. తెలివైనవాళ్ళు చేసిన చక్కటి యంత్రాలు. 1990ల మొదటికల్లా మూలపడ్డాయి. వాటిలో లోపం ఉందని కాదు, బజారు చిప్పు వచ్చి దాటిపోయింది.

అదే ఏటా 3.5 శాతమే పెరుగుతుంటే? ఆ 10 రెట్లు అందుకోవడానికి 67 ఏళ్ళు. ఒక ఉద్యోగ జీవితం అయిపోయి మనవలు పుడతారు.

ఐదున్నర ఎక్కడ, అరవై ఏడు ఎక్కడ? గొట్టం చేయించడం అప్పుడు తెలివితక్కువ, ఇప్పుడు తెలివి. మనుషులు మారలేదు, లెక్క మారింది.

పంక్తి భోజనం, శ్లాబు పని

ప్రత్యేక చిప్పుకి అంత వేగం ఎక్కడ నుంచి వస్తుంది? సర్వోపయోగి చిప్పు రెండు అంకెలు కూడాలంటే ముందు ఆజ్ఞ తెచ్చుకోవాలి, అదేమిటో అర్థం చేసుకోవాలి, అంకెలు ఎక్కడున్నాయో వెతకాలి, ఫలితం ఎక్కడ పెట్టాలో చూడాలి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు మార్క్ హొరోవిట్జ్ 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఒక కూడికకి మొత్తం 70 పాళ్ళ శక్తి ఖర్చయితే, అందులో నిజంగా కూడటానికి పట్టేది 0.1 పాలు. కొత్తిమీర కట్ట కోసం నలభై మైళ్ళు కారు తోలుకుని ఇండియన్ స్టోరుకి వెళ్ళినట్టు. కట్ట ధర కాదు, దారి ఖర్చు.

దారి ఖర్చు తగ్గించే ఉపాయాలు రెండు చెబుతాను. రెండూ మనం ఊళ్ళో చూసినవే.

మొదటిది పెళ్ళి పంక్తి. వంటింట్లోంచి "పప్పు!" అని ఒక్క కేక. వడ్డించేవాళ్ళందరూ ఎవరి వరసలో వాళ్ళు ఒకేసారి పప్పు వడ్డిస్తారు. ఆజ్ఞ ఒకటి, పని అందరిదీ. గ్రాఫిక్స్ చిప్పు, అంటే జీపీయూ, ఇలా పనిచేస్తుంది. ఎన్‌విడియా చిప్పుల్లో 32 మంది ఒక జట్టు, అలాంటి జట్లు బోలెడు. వీడియో ఆటల్లో తెర మీద లక్షల చుక్కలకి ఒకే రకం లెక్క చెయ్యాలి కనక ఈ పద్ధతి పుట్టింది. ఆ చిప్పుల్ని ఇతర లెక్కలకి కూడా వాడుకునేందుకు 2007లో ఎన్‌విడియా కూడా అనే పరికరాల సంచి విడుదల చేసింది (పేరే "కూడా", తెలుగు మాట కాదు). 2012లో టొరంటో యూనివర్సిటీకి చెందిన క్రిజెవ్‌స్కీ, సుట్స్‌కెవర్, హింటన్ ఆటల కోసం అమ్మే రెండు గ్రాఫిక్స్ కార్డులతో బొమ్మల్ని గుర్తుపట్టే పోటీ గెలిచారు. ఇవాళ మీరు వింటున్న కృత్రిమ మేధ హడావిడికి ఒక మొదలు అది.

రెండోది శ్లాబు వేసే రోజు. కంకర కలిపిన చోటు నుంచి పైకప్పు దాకా మనుషులు వరసగా నిలబడి గమేళాలు చేతులు మారుస్తారు. ఎవరూ కుప్ప దగ్గరికి తిరిగి నడవరు. ఒకరి దగ్గర అందుకోవడం, పక్కవారికి ఇవ్వడం, అంతే. గూగుల్ 2015 నుంచి తన కేంద్రాల్లో వాడుకుంటూ 2016లో బయటపెట్టిన టీపీయూ చిప్పు గుండెకాయ ఇదే. 256 వరసలు, వరసకి 256 మంది, మొత్తం 65,536 గుణకార యంత్రాలు. మెమరీ నుంచి ఒకసారి తెచ్చిన అంకె చేతులు మారుతూ పోతుంది. జనం రోజుకి మూడు నిమిషాలు ఫోనుతో మాట్లాడి వెతకడం మొదలుపెడితే తమ డేటా కేంద్రాలు రెండింతలు చెయ్యాల్సి వస్తుందని 2013లో గూగుల్ వాళ్ళు లెక్కేసుకున్నారు. ఆ భయంలోంచి పుట్టిన చిప్పు అది. తను నేర్చిన పనిలో అప్పటి మామూలు చిప్పుల కన్నా 15 నుంచి 30 రెట్లు వేగం అని 2017లో ప్రచురించారు.

మన జేబుల్లోనూ ఇదే కథ. ఫోనులో రెండు గంటల సినిమా చూశాక కూడా బ్యాటరీ మిగిలి ఉందంటే, ఆ చిప్పులో వీడియో విప్పడానికి వేరే గది, ఫొటో దిద్దడానికి ఇంకో గది ఉండడం వల్ల. అవసరమైన గదిలోనే దీపం, మిగతా ఇల్లంతా చీకటి.

నా బస్సుల కథ

ఇప్పుడు నా సంగతి. నేను పద్దెనిమిదేళ్ళు పనిచేసింది స్కూలు బస్సులు ఏ దారిన వెళ్ళాలో తేల్చే ప్రోగ్రాము మీద. మన పిల్లలు ఎక్కే పసుపు బస్సులే. ప్రతి ఆగస్టులో ఒక్కో జిల్లా తన పిల్లల చిరునామాలు పంపుతుంది, మా ప్రోగ్రాము రాత్రంతా ఆలోచించి పొద్దుటికి దారులు ఇస్తుంది. మొదట్లో పిల్లల సంఖ్య పెరిగితే కొత్త సర్వరు కొనేవాళ్ళం. 2015 తర్వాత కొత్త సర్వరు కొన్నా పొద్దుటికి పని తెమలడం లేదు.

2023 వసంతంలో మా జట్టులో పదకొండు మంది నలుగురయ్యారు. కంపెనీ డబ్బంతా కృత్రిమ మేధ విభాగానికి మళ్ళింది. నేను ఆ నలుగురిలో ఒకణ్ణి. పక్క గదిలో కూర్చునే మిత్రుడు, మా అమ్మాయి బారసాలకి వచ్చినవాడు, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. నాకు ఆరు నెలలు గడువిచ్చారు. ప్రోగ్రాముని జీపీయూ మీద వేగంగా నడిపి చూపించమన్నారు.

గంటకింత అని జీపీయూ అద్దెకి తీసుకుని, మూడు నెలలు కష్టపడి ప్రోగ్రాము మొత్తం దాని మీదికి ఎక్కించాను. మామూలు చిప్పు మీద 9 గంటలు పట్టే పని, ఆ ఖరీదైన చిప్పు మీద 14 గంటలు పట్టింది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ కూడా ఏమీ అడగకుండా పెరుగన్నం కలిపి పెట్టింది.

తప్పు ఎక్కడుందో మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. బస్సు దారి తేల్చడం పంక్తి భోజనం కాదు. ఈ పిల్లవాడు చక్రాల కుర్చీలో ఉంటాడు, వాడికి వేరే బస్సు. ఈ వీధిలో బస్సు తిరగదు. ఈ పాప ఐదేళ్ళది, పెద్ద రోడ్డు దాటకూడదు. ఒక్కొక్క విస్తరి దగ్గర ఒక్కొక్క కోరిక. ఒకరికి ఉల్లి లేని కూర తెచ్చేదాకా 32 మంది గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. పైగా ప్రతి నిర్ణయం దాని ముందు నిర్ణయం మీద ఆధారపడుతుంది. జట్టు ఎంత పెద్దదైనా పని ఒక్కడిదే.

అప్పుడు ముందే చెయ్యవలసిన పని చేశాను. 9 గంటలూ ఎక్కడెక్కడ ఖర్చవుతున్నాయో కొలిచాను. 3 గంటలు, ప్రతి స్టాపు నుంచి ప్రతి స్టాపుకీ ఎంత సేపు పడుతుందో పట్టిక కట్టడానికి పోతోంది. 4,000 స్టాపులుంటే కోటీ 60 లక్షల గడులు, అన్నిటిదీ ఒకే రకం లెక్క. ఇది నిజమైన పంక్తి. దాన్ని మాత్రమే జీపీయూకి ఇస్తే 3 గంటలు 5 నిమిషాలయింది. మిగతా 6 గంటలు అలాగే ఉన్నాయి. ఆ చిప్పు పదింతలు వేగమైనా, వందింతలైనా ఆ 6 గంటలు తగ్గవు. జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పిన సూత్రం ఇది. నేను బీటెక్ మూడో ఏడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. తెలిసినది వేరు, తగిలినది వేరు.

నా ఉద్యోగం నిలిచింది. బస్సుల ప్రోగ్రాముకి మాత్రం ఇంక కొత్త ఖర్చు పెట్టరాదని తీర్మానించారు. ఉన్నదున్నట్టు నడుస్తోంది. నన్ను వేరే విభాగానికి మార్చారు. దాన్ని వాడుకునే చిన్న పల్లెటూరి జిల్లాలు రాత్రి చాలక, పిల్లల్ని రెండు భాగాలు చేసి రెండు రాత్రులు నడుపుకుంటున్నాయి.

రోడ్డు ఎవరికి, డొంక ఎవరికి

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ చివరి మాటే. మా ప్రోగ్రాములో లోపం లేదు. దానికి సొంత చిప్పు చేయించుకునే స్తోమత లేదు. ఇవాళ మేలు రకం చిప్పు ఒకటి గీయాలంటే కోట్ల డాలర్లు కావాలి. దాన్ని అచ్చుపోసే కార్ఖానా కట్టాలంటే వెయ్యి కోట్ల డాలర్ల పైమాట. అంత డబ్బు తెచ్చే పనులకి సొంత రోడ్లు పడుతున్నాయి. మిగతా పనులన్నీ పాత ఉమ్మడి రోడ్డు మీద, ఏటా 3.5 శాతం నడకతో. లారీలు తమ రోడ్డు తాము వేసుకుని వెళ్ళిపోతే ఊరి రోడ్డుకి తారు పోసేదెవరు?

ఇది కొత్తగా కనిపించినా, మన భాష దీన్ని ఒకసారి అనుభవించింది. 1990లలో ఇక్కడ కూర్చుని తెలుగు పేపరు చదవాలంటే ఏం చేసేవాళ్ళమో గుర్తుందా? ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఒకదాని ఫాంటులో ఇంకోదాని అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపించేవి. ఎవరి పద్ధతి వాళ్ళకి బాగానే ఉండేది, కానీ వెతకడానికి లేదు, ఒకచోట రాసింది ఇంకోచోట అతికించడానికి లేదు. అవి మన జంతికల గొట్టాలు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి 128 గడులు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆ ఉమ్మడి పద్ధతి అందరి చేతికీ వచ్చాక, తెలుగు కోసం ఎవరూ వేరే కంప్యూటరు చెయ్యనక్కర్లేకపోయింది. లోకమంతా కొనే యంత్రం మీద మన అక్షరాలు కూడా ఎక్కి కూర్చున్నాయి. డబ్బు తక్కువ ఉన్నవాడికి ఉమ్మడి పద్ధతి చేసే మేలు అది.

అందుకే గొట్టాల యుగం చూసి నేను పూర్తిగా సంబరపడలేను. అలాగని ఏడుస్తూ కూర్చోవడం కూడా తప్పే. ఆ చిప్పులు లేకపోతే మాటని అక్షరంగా మార్చడం, ఎక్స్‌రేలో మచ్చని పట్టుకోవడం ఇంత అందుబాటుకి వచ్చేవి కావు.

బిళ్ళలు

సంక్రాంతి అయిపోయాక ఒక ఆదివారం అల్మారా సర్దుతూ ఆ ఇత్తడి గొట్టం కిందికి దించాను. దానితో పాటు మూత కట్టిన డబ్బాలో అరడజను బిళ్ళలు. నక్షత్రం చిల్లు పెడితే జంతికలు, సన్న చిల్లులు పెడితే కారప్పూస, పొడుగు గీత పెడితే రిబ్బను పకోడీ. గొట్టం ఒకటే. చిత్రంగా, చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని అప్పుడే చూసినట్టనిపించింది.

ప్రత్యేకం అనుకున్నది కూడా లోపల ఉమ్మడిదే. ఇవాళ ఇన్ని కంపెనీలు సొంత చిప్పులు గీయించుకోగలుగుతున్నాయంటే, 1987లో మోరిస్ చాంగ్ తైవానులో మొదలుపెట్టిన టీఎస్ఎంసీ లాంటి అందరి కార్ఖానా ఉండబట్టే. అది గొట్టం, గీసుకొచ్చినవి బిళ్ళలు. 2010లో బర్క్‌లీ యూనివర్సిటీలో రిస్క్-ఫైవ్ అనే ఆజ్ఞల భాష మొదలుపెట్టి, ఎవరైనా రుసుము లేకుండా వాడుకోమని వదిలేశారు. అదీ గొట్టమే. ఉమ్మడితనం పోలేదు, కిందకి జరిగింది. ఎంత కిందకి జరిగిందో, అది ఎవరి చేతుల్లో ఉందో కనిపెట్టి ఉండటమే ఇప్పుడు మనం చెయ్యవలసిన పని. ఒకే కంపెనీ గొట్టానికి సరిపోయే బిళ్ళలు మాత్రమే కొంటూ పోతే, ధర వాళ్ళు చెప్పినదే.

మా అమ్మాయిని పిలిచి బిళ్ళలు చూపించాను. "కంప్యూటర్ సైన్సు చదువుతానంటే చదువమ్మా. నాలాగ ఒక్క కత్తిపీట పట్టుకుని, పదును ఏటేటా దానంతటదే పెరుగుతుందని మాత్రం కూర్చోకు. పని చేతికి రాగానే అది పంక్తో, ఒక్కొక్క విస్తరో ముందు కొలుచుకో. నేను మూడు నెలలు పోగొట్టుకున్నది ఆ కొలత దగ్గరే. లెక్కలు, భౌతికశాస్త్రం, యంత్రం లోపల అంకె ఎలా నడుస్తుంది అన్నవి పాతబడవు. బిళ్ళలు మారుతూనే ఉంటాయి," అన్నాను.

అంతా విని, "మరి ఆ పల్లెటూరి బస్సులకి బిళ్ళ ఎవరు చేస్తారు నాన్నా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ గడువులు లేని శనివారాల్లో, ఆ మిగిలిన 6 గంటల్ని రెండు మెదళ్ళ చిప్పుకైనా పంచవచ్చేమోనని కాగితం మీద మళ్ళీ మొదటి నుంచీ గీసుకుంటున్నాను. పిల్ల అప్పుడప్పుడు పక్కన కూర్చుంటోంది. పోయినవారం నేను గీసిన ఒక దారిలో, బస్సు ఒకే వీధికి రెండు సార్లు వెళుతోందని తప్పు పట్టింది. నిజమే, వెళుతోంది.